తెలుగు తెరపై భవిష్యత్ రూపకల్పన: ప్రియదర్శిని నుంచి బుజ్జి వరకు

ప్రస్తావన

1998 నవంబరు 22న అప్పటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. అక్కడి నుంచి విస్తరించిన హైటెక్ సిటీ హైదరాబాదుకు సాఫ్ట్‌వేర్ నగరమన్న పేరు తెచ్చింది. అదే కాలంలో యానిమేషన్, విజువల్ ఎఫెక్ట్స్ పనులకూ నగరం కేంద్రంగా ఎదిగింది. అయితే ఇతరులు ఊహించిన దృశ్యాన్ని కంప్యూటరుపై నిర్మించే నేర్పు వేరు, ఆ దృశ్యాన్ని మొదట ఊహించే శక్తి వేరు. చిత్రీకరణకు ముందే వాహనాలు, నగరాలు, దుస్తులు, ఆయుధాల రూపురేఖలను బొమ్మలుగా, నమూనాలుగా నిర్ణయించే కాన్సెప్ట్ డిజైన్ రెండవ కోవకు చెందినది. తెలుగు చిత్రాలలో ఈ ఊహకు ప్రేరణ ఎక్కడ నుంచి లభించిందో మూడు ఉదాహరణల ద్వారా పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

నియమం నుంచి పుట్టిన వస్తువు

కె.వి. రెడ్డి దర్శకత్వంలో 1957లో వచ్చిన ‘మాయాబజార్’ సైన్స్ ఫిక్షన్ కాదు. అయినా అందులోని ప్రియదర్శిని పేటిక ఈ చర్చకు తొలి ఆధారం. తెరిచినవారికి అత్యంత ప్రియమైనది అందులో కనిపిస్తుందన్నది దాని ఏకైక నియమం. శశిరేఖకు అభిమన్యుడు, బలరాముడికి దుర్యోధనుడు కనిపించడంతో వస్తువు పాత్రల మనసులను బయటపెట్టే సాధనమైంది. మాధవపెద్ది గోఖలే, కళాధర్ కళాదర్శకులుగా పనిచేసిన ఆ చిత్రంలో పేటిక ఆకారం కంటే ముందు దాని పని నిర్ణయమైందని కథను బట్టి గ్రహించవచ్చు. ఒక అసాధ్యాన్ని అంగీకరించి, తక్కిన అంశాలన్నింటినీ దానికి లోబరచడం సైన్స్ ఫిక్షన్‌కూ మూలసూత్రమే.

అరువు ఊహ, స్వీయ చరిత్ర

సింగీతం శ్రీనివాసరావు ‘ఆదిత్య 369’ (1991)కు ప్రేరణ హెచ్.జి. వెల్స్ 1895లో ప్రచురించిన ‘ది టైమ్ మెషీన్’ నవల. వెల్స్ యంత్రం ఒక్కరు జీనుపై కూర్చొని మీటలతో నడిపే వాహనం. సైకిలు కొత్తగా వ్యాపించిన యుగపు ఛాయ అందులో కనిపిస్తుంది. సింగీతం కథకు ఒకరికి మించిన ప్రయాణికులు కావలసి వచ్చినందువల్ల కాలయంత్రం మనుషులు లోపలికి వెళ్లే గదిగా మారింది. అంతకంటే ముఖ్యమైన మార్పు గమ్యంలో ఉంది. ఆ యంత్రం తెలుగు ప్రేక్షకుల చరిత్రస్మృతిలో నిలిచిన శ్రీకృష్ణదేవరాయల కాలానికి వెళుతుంది. ఆ తరువాత, అణుయుద్ధానంతరం మనుషులు భూగర్భంలో తలదాచుకున్న భవిష్యత్తుకు చేరుతుంది. యంత్రపు ఊహ బయటి నుంచి వచ్చినా, దాన్ని ఎక్కడికి నడపాలన్న ప్రశ్నకు సమాధానం ఇక్కడే దొరికింది.

కాశీ, కాంప్లెక్స్

నాగ్ అశ్విన్ దర్శకత్వంలో 2024 జూన్ 27న విడుదలైన ‘కల్కి 2898 ఏడీ’లో ఈ ధోరణి విస్తృత రూపం ధరించింది. సంప్రదాయ గణన ప్రకారం కలియుగారంభం క్రీ.పూ. 3102. దానికి 2898 కలిపితే ఆరు వేల సంవత్సరాలవుతాయి. శీర్షికలోని సంఖ్యే కథా ప్రపంచానికి హద్దులు గీసింది. నితిన్ జిహానీ చౌదరి ప్రొడక్షన్ డిజైనర్‌గా రూపొందించిన ఆ ప్రపంచంలో ఎండిన గంగ ఒడ్డున శిథిల కాశీ, దానిపైన తలకిందులైన పిరమిడ్ ఆకారంలో కాంప్లెక్స్ ఉంటాయి. కింద తుక్కుతో అతికించిన జీవనం, పైన వనరులన్నీ పోగుపడిన పచ్చదనం. లోపలికి అడుగుపెట్టాలంటే ‘యూనిట్లు’ సంపాదించాలి. ప్రవేశద్వారాల వద్ద గుర్తింపు కార్డులు చూపే ఐటీ కారిడార్ ప్రాంగణాలకు దీన్ని ప్రతిబింబంగా దర్శకుడు ఉద్దేశించాడని చెప్పనవసరం లేదు. అయితే సైబరాబాద్ పాఠకుడు దాన్ని అలా చదువుకోవడానికి తగిన అవకాశం ఆ రూపకల్పనలోనే ఉంది.

కాగితం నుంచి చక్రం వరకు

ఈ చిత్ర నిర్మాణ సంస్థ వైజయంతీ మూవీస్ ‘ఫ్రం స్క్రాచ్’ పేరుతో విడుదల చేసిన వీడియోలు పరిశోధకులకు అరుదైన ఆధారాలు. ఒక చక్రాన్ని సైతం కొత్తగా ఊహించవలసి వచ్చిన క్రమం మొదటి వీడియోలో నమోదైంది. 2022 మార్చిలో నాగ్ అశ్విన్ ట్విటర్ వేదికగా ఆనంద్ మహీంద్రాను సాంకేతిక సహాయం కోరారు. మహీంద్రా ఇంజినీర్లు, కోయంబత్తూరుకు చెందిన జయం ఆటోమోటివ్స్ కలిసి దాదాపు ఆరు టన్నుల ‘బుజ్జి’ వాహనాన్ని నిర్మించారు. ముందు రెండు భారీ చక్రాలు, వెనుక గోళాకారపు ఒకే చక్రం, దాన్ని నడిపే రెండు ఎలక్ట్రిక్ మోటార్లు దాని ప్రత్యేకతలు. తెరపై మాత్రమే కదిలే బొమ్మకు బరువు, మలుపు సమస్యలు కావు. నేలపై నడిచే వాహనానికి అవే తొలి ప్రశ్నలు. కనుక ఇక్కడ ఇంజినీరింగ్ పరిమితి సైతం ఊహకు ప్రేరణే.

ముగింపు

ఊహను సొంతం చేసుకోవడం ఎందుకు అవసరమో రిథమ్ అండ్ హ్యూస్ ఉదంతం తెలుపుతుంది. హైదరాబాదులోనూ శాఖ నడిపిన ఆ అమెరికన్ సంస్థ ‘లైఫ్ ఆఫ్ పై’ విజువల్ ఎఫెక్ట్స్‌కు 2013 ఫిబ్రవరిలో ఆస్కార్ అందుకుంది. అదే నెలలో, పురస్కారానికి ముందే, దివాలా పిటిషన్ దాఖలు చేసింది. ఇతరుల దృశ్యాలకు ప్రాణం పోసే పని ఎంత గొప్పదైనా, ఆ దృశ్యాలపై యాజమాన్యం లేనప్పుడు శ్రమ ఎంత అభద్రంగా ఉంటుందో ఈ ఘటన నిరూపించింది.

2023 మార్చిలో రాయదుర్గంలో ప్రారంభమైన టీ-వర్క్స్ వంటి నమూనా నిర్మాణ కేంద్రాలతో నగరానికి పరికరాల కొరత తగ్గింది. తెలుగు శాఖలు పూరించవలసిన లోటు మరొకటి. సినిమా పరిశోధన కథ, మాటలు, పాటలపై నిలిచినంతగా రూపకల్పన చిత్రాలపై నిలవలేదు. కంప్యూటర్లలో పుట్టిన ఆ బొమ్మలు సంస్థ మూతపడినా, హార్డ్ డిస్కు చెడినా కనుమరుగవుతాయి. చిత్రకారుల పేర్లతో, తిరస్కరించిన చిత్తులతో సహా వాటిని సేకరించి భద్రపరచినప్పుడే తెలుగువారు భవిష్యత్తును ఎలా ఊహించారన్న చరిత్రకు ప్రాథమిక ఆధారాలు మిగులుతాయి.