భుజం నొప్పి – డాక్టరు కాడ్మన్ కార్డులు

చొక్కా తొడుక్కుందామని చెయ్యి ఎత్తితే భుజం కలుక్కుమంటోందని మన సమావేశాల్లో చెప్పుకోనివారు అరుదు. చాలాసార్లు ఆ బాధ కీలుది కాదు, కండరాన్ని ఎముకకు పట్టి ఉంచే టెండన్ అనే పట్టీది. ఈ నొప్పికి చేసిన చికిత్సల చరిత్ర చదివాక, రికార్డుల మధ్య బతికిన గుమాస్తాగా నాకు ఒకాయన మీద గౌరవం కలిగింది.

ఆయన అమెరికాలోని బోస్టన్ సర్జను ఎర్నెస్ట్ కాడ్మన్. తెగిన భుజం టెండన్‌ను కుట్టిన వైనాన్ని 1911లో ప్రచురించారు. 1934లో భుజం మీదనే ఒక గ్రంథం రాశారు. నడుము వంచి, చేతిని గడియారం లోలకంలా వేలాడదీసి ఊపే వ్యాయామాన్ని నేటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. నాకు నచ్చింది మాత్రం ఇంకొకటి. ప్రతి రోగికీ ఒక కార్డు పెట్టి, ఏడాది తర్వాత అతని పరిస్థితి ఏమిటో అందులో రాయాలని ఆయన పట్టుబట్టారు. తోటి వైద్యులకు అది రుచించలేదు. ఆడిట్ అంటే ఎవరికి ఇష్టం!

1972లో న్యూయార్క్ డాక్టరు చార్లెస్ నీర్, పైనున్న ఎముక టెండన్‌ను ఒరుసుకోవడమే నొప్పికి మూలమన్నారు. ఆ ఎముక అడుగును చెక్కే ఆపరేషన్ దేశదేశాలకూ పాకింది. ఆపరేషన్ అయినవారూ, దగ్గరుండి వ్యాయామం చేయించినవారూ ఇంచుమించు ఒకేలా కోలుకున్నారని 1993లో నార్వేలో తేలినా ఆ జోరు తగ్గలేదు.

చివరికి బ్రిటన్‌లో 313 మందిని మూడు జట్లుగా చేసి చూశారు. ఒక జట్టుకు ఎముక చెక్కారు. రెండో జట్టుకు గొట్టం పెట్టి లోపల చూసి, ఏమీ చెక్కకుండా కుట్లు వేశారు. మూడో జట్టుకు ఏ చికిత్సా లేదు. చెక్కినవారికీ, చెక్కనివారికీ తేడా లేదని 2018లో ప్రకటించారు. ఆపరేషన్ లేనివారి కంటే ఈ రెండు జట్లకూ కలిగిన అదనపు మేలు స్వల్పమే. కాడ్మన్ కార్డు అప్పటికి పూర్తయిందన్నమాట!

మన జేబుకు సంబంధించిన సంగతి 2021 నాటిది. అక్కడే 708 మందిలో కొందరు ఫిజియోథెరపిస్టు దగ్గరకు ఆరుసార్ల వరకు వెళ్లారు. మిగిలినవారు ఒక్కసారే వెళ్లి, నేర్చుకున్నది ఇంట్లో చేసుకున్నారు. ఏడాదికి ఇద్దరి ఫలితమూ ఒక్కటే. స్టెరాయిడ్ ఇంజెక్షన్ మొదటి కొన్ని వారాలే కాస్త ఉపశమనమిచ్చింది. కనుక ప్యాకేజీ అంటూ వారాల తరబడి కరెంటు పెట్టించుకోమనేవారిని, ఇంట్లో చేసుకునే కసరత్తు ముందు నేర్పమని అడగండి. రబ్బరు పట్టీ, అరకిలో బరువు చాలు. బలం మెల్లగా పెంచాలి, భరించగలిగే నొప్పికి ఆపనక్కరలేదు. చేతికి తువ్వాలు కట్టి మెడకు వేలాడేసుకు కూర్చుంటే మాత్రం భుజం బిగుసుకుపోతుంది.

అయితే జారిపడ్డాక చెయ్యి లేవకపోతే ఇంటి కసరత్తు పనికిరాదు, వెంటనే డాక్టరుకు చూపించాలి. షుగరు ఉన్నవారికి తరచు వచ్చే భుజం పట్టేసే జబ్బు వేరు, దాని వైద్యమూ వేరే.