బొగ్గుబాయి దీపం నేర్పిన కరెంటు పాఠం

రామగుండం ఎన్టీపీసీ టౌన్‌షిప్ జ్యోతినగర్ పేరులోనే వెలుగుంది. ఇక్కడి విద్యుత్ కేంద్రానికి 1978 నవంబరు 14న నాటి ప్రధాని మొరార్జీ దేశాయ్ శంకుస్థాపన చేశారు. 1983లో 200 మెగావాట్ల తొలి యూనిట్ వచ్చింది. ఏడు యూనిట్లూ పూర్తయ్యేసరికి సామర్థ్యం 2,600 మెగావాట్లకు చేరింది. ఆ బాయిలర్లకు సింగరేణి బొగ్గే ఆహారం. కానీ పక్కనే గోదావరిఖని బొగ్గుబాయిలో దిగే కార్మికుడికి దారి చూపింది మాత్రం నడుముకు కట్టుకున్న 4 వోల్టుల బ్యాటరీతో వెలిగే టోపీ దీపం, అంటే క్యాప్‌ల్యాంప్. పక్కనే అంత కరెంటు పుడుతుంటే ఇంత చిన్న దీపం ఎందుకన్న ప్రశ్నకు జవాబు పేదరికం కాదు, పిసినారితనం కాదు. రెండు శతాబ్దాల ప్రాణనష్టం నుంచి నేర్చుకున్న జ్ఞానం. తీగ లేకుండా కరెంటు పంపే నేటి పరికరాలకు పవర్ సప్లై ఎంచుకునేవారికి కూడా అదే దారిదీపమని నా వాదన. సప్లై ఎంత ఇస్తుందన్నది రెండో ప్రశ్న. తప్పు జరిగినప్పుడు ఎంతకు మించి ఇవ్వదన్నదే మొదటి ప్రశ్న.

బొగ్గు పొరల్లోంచి వచ్చే మీథేన్ గాలిలో 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే పేలుతుంది. 1812లో ఇంగ్లండులోని ఫెల్లింగ్ గనిలో అలాంటి పేలుడు 92 మందిని బలి తీసుకుంది. 1815లో హంఫ్రీ డేవీ దీపపు మంట చుట్టూ సన్నని తీగల జాలీ అమర్చి, ఆ వేడి బయటి వాయువును అంటించకుండా చేశాడు. తర్వాత కరెంటు వచ్చింది. మంట లేదు కాబట్టి భయం లేదనుకున్నారు. 1913 అక్టోబరు 14న వేల్స్‌లోని సెంగెనిత్ గనిలో 439 మంది కార్మికులు చనిపోయారు. కారణం తిరుగులేకుండా తేలలేదు గానీ, సంకేతాలిచ్చే గంట తీగల నుంచి ఎగిసిన నిప్పురవ్వ మీద గట్టి అనుమానం వచ్చింది. ఆ గంటలకు వాడింది చిన్న బ్యాటరీలే. మరి ప్రమాదం ఎక్కడుంది? ఆ తరవాతి పరిశోధనలు జవాబు చెప్పాయి. గంటలోని తీగచుట్ట తన అయస్కాంత క్షేత్రంలో శక్తిని దాచుకుంటుంది. సర్క్యూట్ తెగిన క్షణంలో ఆ శక్తంతా రవ్వగా బయటపడుతుంది. మీథేన్ అంటుకోవడానికి మిల్లీజౌల్‌లో మూడో వంతు కూడా అక్కర్లేదు.

ఇంట్రిన్సిక్ సేఫ్టీ అన్న సూత్రం అక్కడ పుట్టింది. రవ్వే రాకుండా చూడటం ఒక్కటే చాలదు. వచ్చినా అంటించలేనంత బలహీనంగా సప్లైనీ సర్క్యూట్‌నూ కట్టాలి. క్యాప్‌ల్యాంప్‌ను దగ్గరగా చూస్తే అదే జాగ్రత్త మరో రూపంలో కనిపిస్తుంది. బ్యాటరీ మూతకు తాళం ఉంటుంది, బాయిలో దాన్ని తెరవడానికి వీల్లేదు. షార్ట్ అయితే తెగిపోవడానికి ఫ్యూజు ఉంటుంది. ముందు గాజు పగిలితే స్ప్రింగు బల్బును నెట్టేసి కరెంటు తెంచేలా కట్టిన దీపాలూ వచ్చాయి. అగ్గిపెట్టెనూ బీడీనీ బాయిలోకి రానివ్వని చట్టం, దీపానికీ ఇన్ని షరతులు పెట్టింది.

తీగ లేని విద్యుత్ ప్రసారానిదీ తీగచుట్టల కథే. సప్లై నుంచి వచ్చే డీసీని ఇన్వర్టర్ వేగంగా అటూ ఇటూ తిప్పుతుంది. కార్ల ఛార్జింగుకు ఆ వేగం సెకనుకు దాదాపు 85 వేల సార్లు. ఒక చుట్టలో పుట్టిన క్షేత్రం ఎదుటి చుట్టలో కరెంటు పుట్టిస్తుంది. తాకే చోటే లేనప్పుడు రవ్వ ఎక్కడిదని కొందరు అడుగుతారు. ప్లగ్గు, సాకెట్ల దగ్గర ఆ మాట నిజమే, ఆ లాభం చిన్నది కాదు. కానీ శక్తిని దాచుకునే చుట్ట పోలేదు, ఇంకా పెద్దదై వచ్చింది. పైగా కెపాసిటర్‌ను వరసలో కలిపి ట్యూన్ చేసిన పంపే చుట్ట ఎదుట నుంచి తీసుకునే చుట్టను తప్పిస్తే కరెంటు తగ్గదు, ఎగబాకుతుంది. వోల్టేజీ ఒక్కటే నిలబెట్టే సప్లై అప్పుడు అడిగినంతా పోసి ఇన్వర్టర్‌ను కాల్చేయగలదు. మధ్యలో నాణెం పడితే అది వేడెక్కుతుంది. అందుకే కరెంటుకు కచ్చితమైన హద్దు, తేడా కనిపించగానే ఆపేసే వేగం ఉన్న సప్లైనే ఎంచుకోవాలి.

ఇప్పుడు సింగరేణి బొగ్గులో ఎక్కువ భాగం ఓపెన్‌కాస్ట్‌ల నుంచే వస్తోంది కదా, ఆరుబయట మీథేన్ గుమిగూడదు కదా, పాత బాయిల జాగ్రత్త ఎందుకన్న ఆక్షేపణ ఒకటుంది. అడ్రియాల లాంటి భూగర్భ గనిలో ఇప్పటికీ మనుషులు పనిచేస్తున్నారన్నది ఒక జవాబు. ఆ సూత్రం మీథేన్‌కే పరిమితం కాదన్నది అంతకంటే పెద్ద జవాబు. హద్దులు పెడితే పని కుంటుపడుతుందన్నది మరో ఆక్షేపణ. డేవీ దీపం మసక వెలుగులో కార్మికులు ఇబ్బంది పడ్డ మాట నిజమే. అయితే వెలుగు పెరిగింది సప్లై హద్దు చెరిపేసినందువల్ల కాదు. అదే కొద్దిపాటి శక్తితో ఎక్కువ వెలుగిచ్చే ఎల్‌ఈడీ వచ్చినందువల్ల. లిథియం బ్యాటరీ బరువు తగ్గించింది, అయినా దాని లోపల కరెంటును అదుపు చేసే సర్క్యూట్ ఉండి తీరాలి.

రామగుండం ప్రాంతంలో ఇంజినీరింగ్ చదివే పిల్లలు ఈ చరిత్రకు వారసులు. రేపు ప్రయోగశాలలో చుట్టలు చుట్టి సప్లై కొనే ముందు, దాని మీద రాసిన గరిష్ఠ వాట్లు చూసి మురిసిపోకండి. చుట్ట తప్పిపోతే, తీగ తెగితే, నాణెం పడితే అది ఏం చేస్తుందో ముందు అడగండి. ఆ ప్రశ్నకు జవాబివ్వలేని సప్లై ఎంత చౌకదైనా పక్కన పెట్టండి.