రోదసి ఖర్చు – కోనసీమ లెక్క



ప్రత్యేక సంచికకు చరిత్ర విషయం ఏదైనా వ్రాసి ఇమ్మని మన కార్యదర్శిగారు రెండు నెలలుగా అడుగుతున్నారు. ఏమి వ్రాయాలా అని నేను ఆలోచిస్తుండగా విషయమే వచ్చి కొత్తపేటలోని మన సంఘం అరుగు మీద కూర్చుంది. 2025 జూలైలో శుభాంశు శుక్లా అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో 18 రోజులు గడిపి క్షేమంగా భూమికి దిగిన మరునాటి సంగతి. పేపరు చదువుతున్న ఒక మిత్రుడు, “ఈ ఒక్క మనిషి ప్రయాణానికి సుమారు 550 కోట్లట! మన డి.ఏ. బకాయిలనేసరికి మాత్రం డబ్బుండదు” అన్నారు. “దేశానికి గౌరవం అక్కరలేదా మాస్టారూ?” అని ఇంకొకరు అందుకున్నారు. టీ చల్లారింది గాని వాదన చల్లారలేదు. నేను ఆనాడు నోరు విప్పలేదు. ఉద్యోగకాలమంతా రెవెన్యూ కార్యాలయాలలో పద్దులు వ్రాసినవాణ్ణి. లెక్క చూడకుండా మాట్లాడడం అలవాటు లేదు. చూసిన తరువాత ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

ఈ తగవు మన అరుగు మీద పుట్టినది కాదు. 1969 జూలై 15న, అంటే అపోలో-11 చంద్రునికి బయలుదేరే ముందు రోజున, అమెరికాలో రాల్ఫ్ అబర్నతీ అనే నీగ్రో నాయకుడు కొన్ని వందల మంది పేదలతో, కంచరగాడిదల బండ్లతో రాకెట్ కేంద్రానికి వచ్చి నిలబడ్డాడు. ఆయన మార్టిన్ లూథర్ కింగ్ సహచరుడు. ఆకలితో ఉన్నవారిని వదిలి చంద్రునికి ఇంత ఖర్చా అన్నది ఆయన ప్రశ్న. నాసా అధిపతి థామస్ పెయిన్ స్వయంగా బయటకు వచ్చి, ఈ రాకెట్ మీట నొక్కకపోతే పేదరికం పోతుందంటే నొక్కనే నొక్కమని జవాబిచ్చాడు. అపోలో కార్యక్రమానికి మొత్తం 2,500 కోట్ల డాలర్లకు పైగా అయింది. 1966లో అమెరికా కేంద్ర ప్రభుత్వం ఖర్చుపెట్టిన ప్రతి వంద డాలర్లలో నాలుగున్నర దాకా నాసాకే పోయాయి. ఆ తరువాత ఏనాడూ అంత పోలేదు. చంద్రుని మీద కాలు మోపిన మరుసటి ఏడే మిగిలిన యాత్రలలో కొన్నిటిని రద్దు చేసుకున్నారు.

మన దేశంలో ఈ ప్రశ్నకు ముందుగానే జవాబు ఆలోచించి పెట్టుకున్నవారు విక్రమ్ సారాభాయ్. చంద్రుని మీదికి, గ్రహాల మీదికి పోవడంలో గాని, మనుష్యులను రోదసిలోకి పంపడంలో గాని సంపన్న దేశాలతో పోటీపడే భ్రమ మనకు లేదనీ, సామాన్యుని అవసరాలకు ఈ శాస్త్రాన్ని వాడుకోవడంలో మాత్రం ఎవరికీ తీసిపోకూడదనీ ఆయన స్పష్టంగా చెప్పారు. 1971 డిసెంబరులో ఆయన కాలం చేశారు. అదే సంవత్సరం అక్టోబరులో మన నెల్లూరు జిల్లా శ్రీహరికోట నుంచి మొదటి చిన్న రాకెట్ ఎగిరింది. (ఆ దీవి 2022 నుంచి తిరుపతి జిల్లాలోది.) అక్కడి యానాదులు తమ నెలవులు విడిచి కదలవలసి వచ్చింది. ఆ ఖర్చు రూపాయలలో వేయడానికి వీలుకాదు గనుక ఏ బడ్జెట్ పుస్తకంలోనూ కనబడదు.

ఇక మన తీరం సంగతికి వస్తాను. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చింది. అప్పటికి నేను ఉద్యోగంలో చేరి మూడేళ్ళు. ప్రభుత్వ లెక్క ప్రకారమే పదివేల మందికి పైగా పోయారు. ఆనాడు తుపాను ఎక్కడుందో ఎడతెగకుండా చూసే సొంత కన్ను మన దేశానికి లేదు. ఆ కన్ను కోసమే ఇన్సాట్ ఉపగ్రహాలు. మొదటిది ఇన్సాట్-1ఎ. 1982 ఏప్రిల్‌లో అమెరికా డెల్టా రాకెట్ మీద వెళ్ళింది. ఐదు నెలలకే చెడిపోయింది. “కోట్లు గాలిలో కలిసిపోయాయి” అని అప్పుడు మా కార్యాలయంలోనూ అన్నారు. అన్నవారిలో నేనూ ఉన్నాను.

రెండవది ఇన్సాట్-1బి. 1983 ఆగస్టు 30న ఛాలెంజర్ అనే స్పేస్ షటిల్‌లో ఐదుగురు వ్యోమగాములతో పాటు పైకి వెళ్ళింది. దానిని మరునాడు రోదసిలోకి విడిచిన పనిలో గయన్ బ్లూఫోర్డ్ అనే ఆయన ఉన్నాడు. రోదసికి వెళ్ళిన మొదటి అమెరికన్ నల్లజాతీయుడు ఆయనే. పధ్నాలుగేళ్ళ క్రితం గాడిద బండ్లతో వచ్చి ఈ ఖర్చెందుకని అడిగిన జనంలోనుంచి వచ్చిన మనిషి చేతిమీదుగా మన తుపాను కన్ను తెరుచుకుంది. ఈ సంగతి తెలిసిన రోజున నేను చాలాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను.

దీనిని బట్టి, చూశారా, మనుష్యులు వెళ్ళబట్టే మనకు మేలు జరిగిందని వాదించవచ్చు. నేనూ మొదట అలాగే అనుకున్నాను. కాని లెక్క ఇంకా ముందుకు చూడాలి. 1986 జనవరి 28న అదే ఛాలెంజర్ పైకి లేచిన 73 సెకన్లకు పగిలిపోయి ఏడుగురు మరణించారు. ఇన్సాట్-1సి తో పాటు షటిల్‌లో వెళ్ళడానికి మన శాస్త్రజ్ఞులు పి.రాధాకృష్ణన్, ఎన్.సి.భట్ అప్పటికే ఎంపికై ఉన్నారు. వారి ప్రయాణం ఆగిపోయింది. ఉపగ్రహం మాత్రం ఆగలేదు. 1988లో మనిషి లేని ఏరియన్ రాకెట్ మీద వెళ్ళింది. 1990లో 1డి కూడా మనిషి లేని డెల్టా మీదనే వెళ్ళింది. అంటే మూట చేరడానికి మనిషి తోడు వెళ్ళనక్కరలేదని తేలింది. 1984 ఏప్రిల్‌లో రాకేశ్ శర్మ సోవియట్ నౌకలో వెళ్ళివచ్చినప్పుడు మనమందరం పొంగిపోయాం. మా అబ్బాయి ఆయన బొమ్మ కత్తిరించి గోడకు అంటించాడు. ఆ సంతోషం నిజమైనదే. కాని తుపాను ఖాతాలో అది జమ కాదు.

ఆ ఖాతాలో జమ ఎక్కడుందో 1990 మే 9న కనబడింది. దివిసీమ ఉప్పెనతో పోల్చదగిన పెనుతుపాను మళ్ళీ కృష్ణా డెల్టా మీదికే వచ్చింది. ఇన్సాట్-1బి పంపిన బొమ్మలు ముందుగా అందాయి. తీరం వెంబడి ఊళ్ళలో పెట్టిన హెచ్చరిక యంత్రాలు ఉపగ్రహం ద్వారా తెలుగులోనే మాట్లాడాయి. ఆరు లక్షల మందికి పైగా జనాన్ని ముందే తరలించారు. ప్రాణనష్టం వెయ్యికి లోపే ఆగింది. వెయ్యి చిన్న సంఖ్య కాదు. కాని పదివేల పక్కన పెట్టి చూడవలసిన సంఖ్య.

ఇక్కడితో ఆపితే కథ బాగుంటుంది. కాని 1996 నవంబరు 6 మన కోనసీమవాళ్ళం మరచేది కాదు. అప్పుడు నేను తీరానికి దగ్గర మండలంలో డిప్యూటీ తహసీల్దారును. పైన అంతకంటే మెరుగైన ఇన్సాట్-2 ఉపగ్రహాలు ఉన్నాయి. తుపాను కాకినాడకు దక్షిణంగా తీరం దాటుతుందన్న హెచ్చరిక మా కార్యాలయానికి వచ్చింది. వచ్చిన కబురు చిట్టచివరి పాకకు చేరాలిగా? వేటకు వెళ్ళిన పడవలలో చాలావాటికి రేడియో లేదు. కొన్ని పేటలకు నడిచిపోయే గట్టు తప్ప దారి లేదు. చేరినచోట కూడా, తాటాకు ఇల్లు విడిచి ఎక్కడికి పొమ్మంటారంటే చూపించడానికి పక్కా కట్టడం లేదు. చీకటి పడేసరికి గాలి మొదలైంది. కరెంటు పోయింది, టెలిఫోను పోయింది. తెల్లవారి చూస్తే తలలు తెగిన కొబ్బరితోటలు, వాటి మధ్య కప్పులేని ఇళ్ళు. వెయ్యి మందికి పైగా పోయారు. వారిలో వేటకు వెళ్ళినవారు ఎందరో.

నన్ను చెట్ల లెక్కకు వేశారు. వేళ్ళతో లేచినది, మొవ్వు విరిగినది, వాలినది అని మూడు గడులు. కొబ్బరి మొక్క నాటితే కాపుకు రావడానికి ఆరేడేళ్ళు పడుతుంది గనుక రైతుకు ఆ గడులు చాలా ముఖ్యం. ఒక పేట దగ్గర ఒక ముసలమ్మ నా పుస్తకంలోకి చూస్తూ, “చెట్లు లెక్కెడుతున్నారు బాబూ, ఏటకెళ్ళిన మావోడి లెక్క ఏ పుస్తకంలో రాత్తారు?” అంది. జవాబు చెప్పలేకపోయాను. ఈ వ్యాసానికి అసలు కారణం ఆ మాటే.

ఆ తుపానుకు పదేళ్ళు నిండిన మరునాడు, 2006 నవంబరు 7న, బెంగుళూరులో మన శాస్త్రజ్ఞులు సమావేశమై మనిషిని పంపే కార్యక్రమం మనమూ చేపట్టాలని అభిప్రాయపడ్డారు. సారాభాయ్ గీసిన గీత అక్కడ చెరిగింది. 2018 ఆగస్టు 15న ప్రధానమంత్రి ఎర్రకోట మీదనుంచి గగన్‌యాన్ ప్రకటించారు. 2022 నాటికి అన్నారు. ఆ గడువు దాటిపోయింది. 2024 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం మొత్తాన్ని 20,193 కోట్లకు పెంచింది. అందులో సొంత అంతరిక్ష కేంద్రానికి మొదటి భాగం కూడా కలిసి ఉన్నది, ఖర్చు ఒక్క ఏటిది కాదు. ఇది న్యాయంగా చెప్పాలి.

మన మిత్రులు పెద్ద అంకె చూసి ఉలిక్కిపడతారు గనుక చిన్న అంకె కూడా చెబుతాను. 2025-26 కేంద్ర బడ్జెట్ 50 లక్షల కోట్లు దాటింది. అంతరిక్ష శాఖకు మొత్తం కలిపి 13,416 కోట్లు, అంటే వంద రూపాయలలో 26 పైసలు. అదే వందలో కేంద్రం ఇచ్చే పింఛన్లు 5 రూపాయలకు పైగా. మనలో చాలామందిది రాష్ట్ర పింఛను, అది వేరే ఖజానా. అయినా ఒక మాట గుర్తుంచుకోవాలి. పింఛను దండగ ఖర్చు అని పేపర్లలో ఎవరో వ్రాసినప్పుడల్లా మనం మండిపడతాం. పక్కవాడి పద్దును దండగ అనేముందు మనం మరికొంచెం జాగ్రత్తగా ఉండాలి.

అయితే ఆ 26 పైసలనూ ఒకే పద్దుగా చూడడం నాకు సమ్మతం కాదు. తుపానును చూసే ఉపగ్రహం వేరు, మనిషిని పంపే నౌక వేరు. మొదటిదాని పేరు చెప్పి రెండవదానికి మంజూరు అడగకూడదు. రెండవదాని మీద కోపంతో మొదటిదానిని తిట్టనూ కూడదు. మనిషిని పంపడం విద్య కోసమా, గౌరవం కోసమా, రక్షణ కోసమా అన్నది దాని సొంత గడిలో వ్రాసి ఒప్పించాలి. ఒప్పిస్తే నాకు అభ్యంతరం లేదు. నా ఫిర్యాదు మూడవ పద్దు గురించి. తుపాను నుంచి కాపాడే షెల్టర్లు, దారులు, వంతెనల కోసం మన రాష్ట్రానికీ ఒరిస్సాకూ కలిపి ప్రపంచ బ్యాంకు అప్పుతో ఒక పథకం మొదలైనది 2011లో. మంజూరైనది సుమారు 1,500 కోట్లు. దివిసీమకు 33 ఏళ్ళ తరువాత, మన తుపానుకు 14 ఏళ్ళ తరువాత. ఆకాశంలో కన్నుకు డబ్బు 1982లోనే దొరికింది. నేలమీద గోడకు అంతకాలం పట్టింది. ఈ ఆలస్యానికి రాకెట్ కారణమని ఏ పుస్తకంలోనూ నాకు కనబడలేదు. అడిగేవారు లేకపోవడమే కారణమని నా అనుమానం.

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర, అంటే మన గోదావరి అవతలే, తీరం దాటింది. 1996 నాటి అంత తీవ్రమైనది కాదు, పోల్చకూడదు. అయినా రెండు రోజుల ముందునుంచీ తీరం ఊళ్ళ జనాన్ని తరలించారు. వేటకు ఎవరినీ పోనివ్వలేదు. మరణాలు వేళ్ళమీద లెక్కపెట్టగలిగినంతలో ఆగాయి. ఆ రాత్రి మా మనవరాలు సెల్‌ఫోనులో మేఘాల బొమ్మ తెరిచి, “ఇదిగో తాతయ్యా, మనం ఇక్కడున్నాం” అని వేలు పెట్టి చూపించింది. తెల్లవారి పెరట్లోకి వెళ్ళి చూశాను. మొవ్వు విరిగినది ఒకటి, వాలినది ఒకటి.