లాంచీలో ప్రేమ, ఒడ్డున ఊళ్లు

1951లో వచ్చిన ‘ది ఆఫ్రికన్ క్వీన్’ ఒక ప్రార్థనతో మొదలవుతుంది. కథాకాలం 1914. జర్మన్ల ఏలుబడిలో ఉన్న తూర్పు ఆఫ్రికా అడవిలో, గడ్డి కప్పిన చర్చి. పాదరీ గొంతెత్తి కీర్తన అందుకుంటాడు. చెల్లెలు రోజ్ చెమటలు కారుతుంటే కాళ్లతో హార్మోనియం తొక్కుతూ వాయిస్తుంది. ఎదుట కూర్చున్న ఊరి జనానికి ఆ మాటలు నోరు తిరగవు. ఇంతలో పడవ నడిపే చార్లీ వచ్చి, తాగుతున్న చుట్ట ముక్క పారేస్తాడు. దానికోసం మగవాళ్లు కలబడతారు. కీర్తన కాస్తా ఆగమాగం.

దర్శకుడు జాన్ హ్యూస్టన్ నవ్వించడానికే ఆ సీను తీశాడు. ఇవాళ చూస్తుంటే నవ్వు రాదు, కడుపులో దేవినట్టు ఉంటుంది. కాసేపటికే జర్మన్ సిపాయిలు ఊరికి నిప్పుపెట్టి జనాన్ని తోలుకుపోతారు. పాదరీ ఆ దిగులుతోనే మంచాన పడి చనిపోతాడు. రోజ్, చార్లీ పడవెక్కుతారు. తోలుకుపోయిన మనుషులు ఏమయ్యారన్నది సినిమా మళ్లీ ఎత్తదు.

అలాగని పక్కన పెట్టేయదగ్గ సినిమా కాదది. పడుచుదనం దాటిన ఇద్దరి మధ్య ప్రేమను అంత మర్యాదగా చూపిన సినిమాలు అప్పట్లోనే కాదు, ఇప్పుడూ తక్కువే. చుక్కాని రోజ్ చేతికొస్తుంది. నది రాళ్లమీద విరుచుకుపడే చోటు మొదటిసారి దాటాక, రోజ్‌గా వేసిన కేథరిన్ హెప్‌బర్న్ ముఖంలో భయం ఉండదు, కొత్తగా పుట్టిన సంబరం ఉంటుంది. చార్లీ తప్పతాగి పడుకుంటే, జిన్ సీసాలు ఒక్కొక్కటే మూత తీసి నదిలోకి ఒంపేస్తుంది. జర్మన్ నౌకను పేల్చేద్దామన్న ఆలోచనా ఆమెదే. హంఫ్రీ బోగార్ట్‌కు జీవితంలో దక్కిన ఒకే ఒక్క ఆస్కార్ చార్లీ పాత్రకే.

ఇలాంటి పడవ ప్రేమకథలు మన గోదావరి మీదా నడిచాయి. 1973లో బాపు, ముళ్లపూడి వెంకటరమణల ‘అందాల రాముడు’. 2006లో శేఖర్ కమ్ముల ‘గోదావరి’. రెండిట్లోనూ రాజమండ్రిలో లాంచీ ఎక్కినవాళ్లు భద్రాచలం చేరేలోపు ఒకరికొకరు అర్థమవుతారు. మొదటిదానిలో నాయకుడు అక్కినేని నాగేశ్వరరావు, రెండోదానిలో ఆయన మనవడు సుమంత్. ఉన్నవాళ్లూ లేనివాళ్లూ ఒకే లాంచీలో సర్దుకోక తప్పదన్న బాపు రమణల ఊహ నాకెంతో ఇష్టం. ఒడ్డున ఉన్నవాళ్లను హ్యూస్టన్‌లా నవ్వులపాలు చేసిన సినిమాలు కావివి. కానీ ఇక్కడా ప్రేమంతా లాంచీలోనే. పాపికొండలు వచ్చేసరికి కొండ, ఇసుకతిన్నె, గుడిసె అన్నీ కలిసి వెనకాల తెర అయిపోతాయి.

ఆ తెరమీద ఉన్నవాళ్లు కొండరెడ్లు, కోయలు. వాళ్ల దగ్గరికి వెళ్లి కూర్చున్న తొలితరం పరిశోధకుల్లో ముఖ్యుడు ఆస్ట్రియా వాడైన క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్. చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు కావడంతో, 1939లో రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యాక ఆయన్ను హైదరాబాద్ సంస్థానం దాటనివ్వలేదు. ఆ కట్టడిలోనే చెంచుల దగ్గరికి, తర్వాత గోదావరి ఒడ్డు కొండరెడ్ల దగ్గరికి వెళ్లాడు. ‘ది రెడ్డిస్ ఆఫ్ ది బైసన్ హిల్స్’ పుస్తకం 1945లో వచ్చింది. అప్పట్లో దక్షిణపు ఒడ్డు నిజాంది, ఉత్తరపు ఒడ్డు మద్రాసు ప్రెసిడెన్సీది. పోడు వ్యవసాయం, జీలుగు కల్లు, కలప వ్యాపారుల అప్పుల్లో చిక్కి వెదురు నరికే కుటుంబాలు, ఇవన్నీ ఆయన రాశాడు. లాంచీలో నుంచి చూస్తే ఇవేవీ కనపడవు.

ఆ తర్వాత సరిహద్దు గీతలు చాలాసార్లు మారాయి. తూర్పు గోదావరిలో ఉన్న భద్రాచలం 1959లో ఖమ్మం జిల్లాలో కలిసింది. 2014లో పోలవరం ప్రాజెక్టు కోసం కూనవరం, వీఆర్‌పురం, చింతూరు, కుక్కునూరు, వేలేరుపాడు వంటి మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. భద్రాచలం పట్టణం మాత్రం తెలంగాణలో ఉండిపోయింది. పోలవరం జలాశయం పూర్తి నీటిమట్టం 150 అడుగులు. నిర్వాసితులయ్యే కుటుంబాలు లక్షకు పైనే. ఎగువ కాఫర్ డ్యామ్ లేచాక దేవీపట్నం వైపు ఊళ్లు వరదల్లో మునిగి, జనం పునరావాస కాలనీలకు చేరారు. కూనవరం దగ్గర శబరి గోదావరిలో కలిసే చోట ఇంకా ఎంతోమంది పరిహారం కోసం ఎదురుచూస్తూ, వానాకాలం వస్తే సామాను సర్దుకుంటున్నారు. భద్రాచలం వైపు నుంచి పాపికొండలకు పోయే పర్యాటకులు లాంచీ ఎక్కే పోచవరం కూడా ఈ వీఆర్‌పురం మండలంలోనిదే.

అందుకే నేనిప్పుడు ‘అందాల రాముడు’ చూస్తే నా కళ్లు నాయికానాయకుల భుజాల మీదుగా వెనక్కి పోతున్నాయి. ఆ మెట్ట ఏ ఊరిది, ఆ రేవు ఎవరిది, ఆ చెట్టు కింద నిలబడ్డ మనిషి ఎవరు? ప్రేమకథ కోసం తిప్పిన కెమెరాలో, ఎవరూ అనుకోకుండానే, ఒడ్డు కూడా రికార్డయింది. 1973 నాటి ఆ రీళ్లను షాటు షాటుగా ఆపి, కాలనీల్లో ఉన్న పెద్దవాళ్ల ముందు పెట్టి, కనపడిన ప్రతి ఊరి పేరూ రాసిపెట్టాలి. ఆ పేర్లతో పటాలు వేసి భద్రాచలం ఐటీడీఏ గిరిజన మ్యూజియంలో ఉంచాలి. దీనికి పెద్ద నిధులేం అక్కర్లేదు. చూసి గుర్తుపట్టగలిగిన వాళ్లు ఉండగానే మొదలుపెట్టాలి.