మతమంటే తలచినది
ఊరేగింపు ఫ్లెక్సీల మీద తరచూ కనబడే తప్పు ‘ఐక్యమత్యం’. సరైన రూపం ఐకమత్యం, ఏకమతం గలవారి తీరు. అంటే అందరూ ఒకే దేవుణ్ణి కొలవడమా? కానే కాదు, ఒక్కమాట మీద ఉండటం. తలచడమనే అర్థమున్న సంస్కృత ధాతువు ‘మన్’ నుంచి పుట్టిన మతానికి తొలి అర్థం ‘తలచినది’, అభిప్రాయం. మనసు, మతి, సమ్మతి, అభిమతం, ఆఖరికి బహుమతి కూడా ఆ ఇంటివే. (మతలబు మాత్రం అరబ్బీ నుంచి వచ్చింది.) వ్యాకరణ పండితుడు ‘ఇది ఫలానావారి మతం’ అంటే వారి పూజల సంగతి కాదు, వాదన సంగతి. అద్వైత మతం, ద్వైత మతం అనే వాడుకలో అభిప్రాయం సిద్ధాంతమై, మెల్లగా రిలిజియన్‌కు పేరైపోయింది. హిందీ పాత అర్థాన్నే పట్టుకుంది. అక్కడ ‘మత్‌దాన్’ అంటే ఓటు వేయడం. ఆ మాటను బోర్డు మీద చూసి తెలుగువాడు ఉలిక్కిపడితే తప్పు పట్టలేం. రిలిజియన్‌ను మన రాజ్యాంగం 25వ అధికరణం హిందీలో ‘ధర్మ్’ అంటే, తెలుగులో మనం మతం అంటాం. ఆ మాటకు రాజ్యాంగంలో నిర్వచనం లేదు. 1954లో శిరూరు మఠం కేసులో సుప్రీంకోర్టు బౌద్ధ, జైనాలను చూపి, మతానికి దైవవిశ్వాసం తప్పనిసరి కాదంది. నాకు ధర్మం కన్నా మతమే నచ్చుతుంది. ధర్మంలో విధి వినబడుతుంది, మతంలో ఆలోచన. ఆ అధికరణం కూడా ముందు అంతఃకరణ స్వేచ్ఛనే చెబుతుంది. అవలంబించడం, ఆచరించడం, ప్రచారం చేయడం ఆ తర్వాతే.