మినహాయింపు నియమాన్ని రుజువు చేస్తుందా?

ఆంగ్లంలో 'ది ఎక్సెప్షన్ ప్రూవ్స్ ద రూల్' అనే నానుడి ఉంది. మినహాయింపు నియమాన్ని రుజువు చేస్తుందని దాని మాటల అర్థం. ఒకరు ఏదో సూత్రం చెబుతారు. మరొకరు దానికి విరుద్ధమైన ఉదాహరణ చూపిస్తారు. అప్పుడు మొదటివారు ఈ నానుడిని అడ్డం పెట్టుకొని తప్పించుకోవడం మీరు వినే ఉంటారు. ఎదురు ఉదాహరణ సూత్రాన్ని బలహీనపరచాలి గాని, బలపరచడం ఎలా సాధ్యం?

దీని వెనుక ఉన్న తర్కం రోమన్ న్యాయస్థానంలో కనిపిస్తుంది. స్పెయిన్ తీరంలోని గాదెస్ నగరానికి చెందిన బాల్బస్‌కు లభించిన రోమన్ పౌరసత్వం చెల్లదని క్రీ.పూ. 56లో అభియోగం వచ్చింది. అతని తరఫున సిసిరో వాదించాడు. రోమ్ కొన్ని జాతులతో చేసుకున్న ఒప్పందాల్లో, వారిలో ఎవరినీ రోమన్ పౌరులుగా స్వీకరించరాదనే షరతు ఉంది. సిసిరో ఆ షరతునే తనకు ఆధారం చేసుకున్నాడు. కొన్నిచోట్ల ప్రత్యేకంగా నిషేధించారంటే, నిషేధం రాయని చోట స్వీకరించవచ్చనే కదా అర్థం! గాదెస్ ఒప్పందంలో అలాంటి షరతు లేదు. బాల్బస్ గెలిచాడు.

'ఆదివారం సందర్శకులకు ప్రవేశం లేదు' అనే బోర్డు చూసి, మిగతా రోజుల్లో వెళ్లవచ్చని మనం గ్రహించేది ఈ తర్కంతోనే. ఇది లాటిన్ న్యాయసూత్రంగా మారి 17వ శతాబ్దంలో ఆంగ్లంలోకి వచ్చింది. పూర్తి సూత్రంలో 'మినహాయించని సందర్భాల్లో' అనే మాట కూడా ఉంది. వాడుకలో ఆ తోక తెగింది, దానితో అర్థమూ జారిపోయింది.

దిద్దబోయినవారిలో కొందరు మరో పొరపాటు చేశారు. ఇక్కడ 'ప్రూవ్' అంటే 'పరీక్షించు' అన్నారు. పుడ్డింగ్ సంగతి తింటేనే తెలుస్తుందనే సామెతలో 'ప్రూఫ్' అంటే పరీక్షే. కాని సిసిరో వాదనలో నియమానికి పరీక్ష జరగడం లేదు, నియమం ఉందని తేలుతోంది.

ఇలాంటి మార్పులను ఆపాలా? 1712లో స్విఫ్ట్ ఆంగ్లాన్ని సంస్కరించి స్థిరపరచాలని ప్రతిపాదించాడు. జాన్సన్ కూడా అదే ఆశతో పని మొదలుపెట్టాడు. 1755లో నిఘంటువు పూర్తయ్యేసరికి అది సాధ్యం కాదని పీఠికలోనే ఒప్పుకున్నాడు. 1762లో వ్యాకరణం రాసిన లౌత్ మాత్రం షేక్‌స్పియర్, మిల్టన్‌లలోనూ తప్పులు పట్టాడు. 1961 నాటి వెబ్‌స్టర్ మూడవ నిఘంటువు తీర్పులు చెప్పడం తగ్గించి వాడుకను నమోదు చేసింది. అందుకు అమెరికా పత్రికలు మండిపడ్డాయి.

గిడుగు రామమూర్తి పోరాట ఫలితంగా వ్యావహారికంలో పాఠాలు చదువుకుంటున్న మనం వాడుక పక్షాన ఉండటం సహజమే. నేనూ ఆ పక్షమే. అయితే జనం వాడటం వల్ల మాటకు కొత్త అర్థం చెల్లుతుంది గాని, లోపమున్న వాదన సరైనదైపోదు. నిఘంటువు నమోదు చేసినా ఎదురు ఉదాహరణ ఎదురు ఉదాహరణే.

అనువాద పత్రంలో ఈ నానుడి వస్తే సందర్భం చూడండి. చట్టానికి సంబంధించిన రచనలో 'మినహాయింపును బట్టి నియమం ఉందని తెలుస్తుంది' అని రాయవచ్చు. మామూలు సంభాషణలో అయితే 'ఎక్కడో ఒకటీ అరా అలా ఉంటాయిలెండి' అంటే సరిపోతుంది.