విముక్త
ముచ్ అంటే విడిపించడం. మోక్షం, ముక్తి, విమోచనం అన్నీ ఆ ధాతువు పిల్లలే. ‘విముక్త’ మాత్రం సర్కారు కాగితమెక్కి వేరే దారి పట్టింది. 1871 నేరస్త తెగల చట్టం పుట్టుకనే నేరం చేసింది. 1952లో ఆ చట్టం పోయాక, నేరస్త తెగల జాబితాలోంచి కొట్టేసినవాళ్లు విముక్త జాతులయ్యారు. మన స్టూవర్టుపురం ఎరుకలవాళ్లు, బెంగాల్ ఖేడియా శబరులు అలాంటివాళ్లే. బయటపడ్డారని చెప్పే మాటలోనే ఖైదు మిగిలిపోయింది, చూశారా!

ఆ ఖైదు మాటకే పరిమితం కాలేదు. 1998 ఫిబ్రవరిలో బెంగాల్‌లోని పురూలియా జిల్లాకు చెందిన ఖేడియా శబరుడు బుధన్ శబర్ కస్టడీలో చనిపోయాడు. ఉరేసుకున్నాడన్నారు పోలీసులు. శబరులు శవానికి బదులు గడ్డిబొమ్మను తగలేసి, శవాన్ని గుడిసె నేలలోనే పూడ్చి దాచారు, మళ్లీ పోస్ట్‌మార్టం చేయించడానికి. బెంగాలీ రచయిత్రి మహాశ్వేతాదేవి ముందుండగా వాళ్ల సంఘం కలకత్తా హైకోర్టుకెక్కింది. బుధన్ భార్యకు పరిహారం ఇవ్వాలని, సీబీఐ విచారణ జరగాలని జస్టిస్ రూమా పాల్ ఆదేశించారు.